రాక్ పాటలో మారుమనస్సు ఉంటుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడు, గిటార్ పట్టుకుంటే అన్నం కూడా గుర్తుకు రాదు. యూత్ మీటింగ్‌లో పశ్చాత్తాపం మీద ఒక ఇంగ్లీష్ రాక్ పాట పాడతానంటే సంఘ పెద్దలు అది సాతాను సంగీతం అన్నారు. నేనూ వాళ్ల పక్షమే మాట్లాడాను, రెండు రోజులుగా వాడు నాతో మాట్లాడట్లేదు. నిజంగా ఆ పాటల్లో మారుమనస్సు, క్షమాపణ ఉంటాయా సార్?

జవాబు: ఉంటాయండీ. గిటార్‌కు కరెంటు తీగ కనిపిస్తే చాలు, భయపడే పెద్దలు మా పాలమూరులోనూ ఉన్నారు, డప్పు మీద కీర్తన ఎత్తుకుంటే మాత్రం వాళ్లే ముందు చప్పట్లు కొడతారు.

రాబర్ట్ విల్కిన్స్ అని అమెరికాలో ఒక నల్లజాతి బ్లూస్ (అక్కడి నల్లవాళ్ల బాధల పాటలు) గాయకుడు. ఆడవాళ్ల వల్ల నలిగిపోయి అమ్మ దగ్గరికి వెళ్లిపోతానని వాపోయే కుర్రాడి పాట 1929లో రికార్డు చేశాడు. తర్వాత బ్లూస్ వదిలేసి పాస్టరయ్యాడు, పాత పాటనే తీసుకుని మాటలు మార్చి తప్పిపోయిన కుమారుడి కథ చేశాడు. 1968లో దాన్ని రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందంవాళ్లు పాడారు, మొదట రచయితలుగా తమ పేర్లే వేసుకున్నారు కూడా (తర్వాత సరిచేశారు లెండి).

యూటూ అనే ఐర్లాండ్ రాక్ బృందం 1983లో బైబిల్లోని 40వ కీర్తననే పాటగా కట్టింది. కచేరీ చివర దాన్ని పాడుతూ ఒక్కొక్కరే స్టేజీ దిగి వెళ్లిపోయేవారు, జనం మాత్రం ఇంకా పాడుతూనే ఉండేవారు. "జిగటగల దొంగ ఊబి" అని ఆ కీర్తనలో ఉంది కదా, ఎండిందనుకుని చెరువులో కాలు పెట్టి మోకాలిదాకా దిగబడ్డవాడికి అదేమిటో చెప్పక్కర్లేదు. ఇప్పటి మన ఆరాధన పాటలు చాలావాటిలో ఆ ఊబి ఉండదు, బయటపడ్డాక వేసే గంతులే ఉంటాయి. మంచి రాక్ పాట ఊబిలో కాసేపు నిలబడుతుంది, మీవాడికి నచ్చింది బహుశా అదే.

పెద్దలతో వాదన పెట్టుకోకండి, లూకా 15లో ఆ తప్పిపోయిన కుమారుడి కథే చదవమనండి. తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో వాద్యాలు, నాట్యం జరుగుతుంటే ఆ చప్పుడు విని కోపంతో బయటే ఆగిపోయింది పెద్దకొడుకు.

అబ్బాయిని పాట అర్థం ముందు తెలుగులో రెండు ముక్కలు చెప్పి మొదలుపెట్టమనండి. సౌండ్ కొంచెం తగ్గించమనండి, ముందు వరసలో చాప మీద కూర్చునేది మన అమ్మమ్మలే.