అమ్మ డిపాజిట్ తీసి సెంటర్‌కి కట్టేయాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. ఆరేళ్లుగా తాగుడు. ఈ మధ్య పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయి. ఒక డీఅడిక్షన్ సెంటర్ వాళ్లు మూడు నెలల ఫీజు మొత్తం ముందే కట్టమంటున్నారు. అమ్మ పేరు మీదున్న డిపాజిట్ తీస్తే సరిగ్గా సరిపోతుంది. తీసేయమంటారా?

జవాబు: వైద్యానికి తీయండి. అంతా ఒకేసారి, ఒకేచోట మాత్రం కట్టకండి.

డబ్బు సంగతి కంటే ముందు ఆ వణుకు గురించి చెప్పాలి. అక్కడిదాకా వచ్చిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక మతి తప్పి, లేనివి కనిపించడం మొదలైతే ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి మొదటి ఖర్చు డాక్టరు దగ్గర పెట్టండి. మీకు అందుబాటులో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటే ముందు అక్కడే అడగండి. చాలామంది చివర్లో వెళ్లే చోటు అది. మొదట వెళ్లుంటే సగం అప్పులు ఉండేవి కావు.

డాక్టరు పర్యవేక్షణలో ఉన్న కొద్దిరోజుల్లో ఒంట్లోని మద్యం దిగిపోతుంది. తాగాలన్న యావ మాత్రం నెలల తరబడి ఉంటుంది. 90 రోజుల కంటే తక్కువ చికిత్సతో ఫలితం అంతంతమాత్రమేనని అమెరికాలోని మత్తు దురలవాట్ల జాతీయ పరిశోధన సంస్థ చెబుతోంది. అన్ని రోజులూ సెంటర్లోనే ఉండాలని దానర్థం కాదు. ఇంటి నుంచి వెళ్లొచ్చే కౌన్సెలింగ్, తాగాలన్న యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మాత్రలు కూడా చికిత్సే. వందలో 40 నుంచి 60 మంది మళ్లీ జారతారని కూడా ఆ సంస్థే అంటోంది. నా లెక్కంతా ఈ అంకె చుట్టూనే. రెండోసారికి డబ్బు మిగలని ప్లాను ప్లానే కాదు. నా దగ్గరికొచ్చిన ఒక కుటుంబం ఉన్నదంతా ముందే కట్టేసింది. మనిషి మూడో వారంలో ఇంటికొచ్చేశాడు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో 'తిరిగి ఇవ్వబడదు' అని ఉంది. ఆ తర్వాత వారానికో కౌన్సెలింగ్‌కి కూడా వాళ్ల దగ్గర డబ్బు లేదు.

అందుకే డిపాజిట్‌లో సగం ముట్టుకోకండి. ఇంటికొచ్చాక ఏడాది పాటు మాత్రలకీ, కౌన్సెలింగ్‌కీ అది కావాలి. మిగతా సగంలోంచైనా నెలనెలా కడతామనండి. ఒప్పుకోకపోతే ఇంకో చోటు చూడండి. వెళ్లినప్పుడు మూడు సంగతులు అడగండి. రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు? మధ్యలో వచ్చేస్తే ఎంత వెనక్కిస్తారు? డిశ్చార్జి తర్వాత ఎన్నాళ్లు, ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? గోడ మీది ఫొటోలు చూపిస్తూ మాట మారిస్తే లేచి వచ్చేయండి. గ్యారంటీగా మాన్పిస్తామంటే ఇంకా ముందే లేవండి.

కొందరు అన్నంలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) కలిపి పెట్టమని సలహా ఇస్తారు. అతనికి తెలియకుండా అది పెట్టకూడదు. పైన తాగితే బీపీ పడిపోయి ప్రాణాపాయం కావచ్చు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు ఫీజు లేదు. 1935లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన సంస్థ అది. మీలాంటి కుటుంబ సభ్యులకు అల్-అనాన్ ఉంది. వైద్యానికి బదులుగా కాదు, దాంతోపాటు వెళ్లండి.

ఇన్సూరెన్స్ ఉంటే మద్యం సంబంధిత చికిత్సకు వర్తిస్తుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు నోటిమాట చాలదు. తమ్ముడి చేతికి నగదు ఇవ్వకండి, అతని అప్పులకు హామీ సంతకమూ పెట్టకండి. బిల్లులు మీరే నేరుగా కట్టండి. ఆ సెంటర్ వాళ్లు రీఫండ్ షరతులు కాగితం మీద రాసిచ్చేదాకా డిపాజిట్ కదపొద్దు. డాక్టరు దగ్గరికి మాత్రం రేపే తీసుకెళ్లండి.