కిట్ లెన్స్‌తో గ్రహణం ఫోటోలు: సూర్యుడికి ఒక లెక్క, చంద్రుడికి ఇంకో లెక్క

మీరు అడిగినవి మూడు. పాత డీఎస్‌ఎల్‌ఆర్, 55-250 లెన్స్ ఉన్నాయి, టెలిస్కోపు లేదు, దీంతో గ్రహణం ఫోటోలు వస్తాయా? ఫోనుతో ఏమైనా అవుతుందా? ఇంట్లో పెద్దవాళ్లు గ్రహణం వేళ గడప దాటనివ్వరు, ఏం చేయాలి?

మొదటిదానికి జవాబు: నిక్షేపంగా వస్తాయి. నేను ఇప్పటికీ అలాంటి లెన్స్‌తోనే తీస్తున్నాను. కానీ సూర్యగ్రహణానికీ చంద్రగ్రహణానికీ ఒకటే పద్ధతి అనుకుంటే మాత్రం రెండూ చెడతాయి. సూర్యుడికైతే ఫిల్టర్ తగిలించి సెట్టింగు ఒకసారి కుదిర్చాక గ్రహణం విడిచేదాకా దాని జోలికి పోకూడదు. చంద్రుడికైతే చెయ్యి ఊరుకోకూడదు, మారుస్తూనే ఉండాలి. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు.

ముందు చంద్రగ్రహణంతో మొదలుపెట్టండి. కళ్లకు ఏ ప్రమాదమూ లేదు, ఫిల్టర్ ఖర్చు లేదు, ఊరు దాటక్కర్లేదు. పైగా గంటల తరబడి సాగుతుంది కాబట్టి కుదరని షాట్ మళ్లీ తీసుకోవచ్చు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి గ్రహణమే తీసుకోండి. 9:57కి నీడ అంచు తగిలింది, 11 గంటలకు పూర్తిగా మునిగింది, 12:22 దాకా ఎర్రగానే ఉంది, 1:26కి విడిచింది. వానాకాలం కాబట్టి మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. అయినా సంపూర్ణ దశే 82 నిమిషాలు కదా, మా మిద్దె మీద నాకు కావలసినంత సందు దొరికింది.

ఇక సెట్టింగుల సంగతి. మామూలు పౌర్ణమి చంద్రుడికి ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), షట్టర్ 1/400 సెకను దగ్గర మొదలుపెట్టండి. రాత్రి కదా, ఇంత వేగమా అనిపిస్తుంది. కానీ మీరు తీస్తున్నది ఎండలో ఉన్న ఒక రాతినేలని. నీడ పడుతూ సగం దాకా వచ్చేవరకు వెలుగు భాగానికి దాదాపు ఇదే సరిపోతుంది. అసలు చిక్కు ఆఖరి పావుగంటలో వస్తుంది. వెలుగు భాగం సన్నని పలుకులా మిగిలినప్పుడు దానికి సరిపడా తీస్తే ఎరుపు అసలు కనపడదు, ఎరుపు కోసం తీస్తే ఆ పలుకు తెల్లగా మాడిపోతుంది. రెండూ ఒకే ఫ్రేములో కావాలని తంటాలు పడకండి. ఒకటి అలా, ఒకటి ఇలా తీసి పెట్టుకోండి. పూర్తిగా మునిగాక ఐఎస్‌ఓ 3200, లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత, షట్టర్ అర సెకను. ఎర్ర చంద్రుడు పౌర్ణమి చంద్రుడి కంటే పదివేల రెట్లకు పైగానే మసక. గంట ముందు 1/400లో వచ్చిన బొమ్మకు ఇప్పుడు ఇంత కావాలంటే మొదటిసారి ఎవరైనా కంగారు పడతారు.

అర సెకనే ఎందుకంటే చంద్రుడు ఆగడు. భూమి తిరుగుడు వల్ల ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. 250 మి.మీ. దగ్గర 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక సెకను తెరిస్తే అంచు నాలుగైదు పిక్సెళ్లు సాగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. గ్రెయిన్ వచ్చినా పర్లేదు, ఐఎస్‌ఓ పెంచండి. సాగిన బొమ్మను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

ఫోకస్ మాత్రం గ్రహణం పట్టకముందే చేసి పెట్టుకోవాలి. నిండు చంద్రుడి మీద లైవ్ వ్యూలో పది రెట్లు జూమ్ చేసి, అంచు కత్తిరించినట్టు కనపడగానే లెన్స్‌ని మాన్యువల్‌కి మార్చి, ఫోకస్ రింగు మీద చిన్న టేపు ముక్క అంటించండి. చీకటి పడ్డాక ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ ఉంటుంది తప్ప పట్టుకోదు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజర్ (చేతి వణుకు సర్దేది) ఆపేయండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి, రా ఫైళ్లలో (కెమెరా కుదించని ముడి బొమ్మలుగా) తీయండి. మిద్దె మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పక్కన నిలబడొద్దు. దాని వేడిగాలికి చంద్రుడి అంచు నీళ్లలో ఉన్నట్టు ఆడుతుంది. పగలంతా ఎండకు కాలిన స్లాబు కూడా రాత్రి మొదట్లో అదే పని చేస్తుంది, వీలైతే మట్టినేల మీదికి దిగండి. చలికాలమైతే లెన్స్ మీద మంచు పట్టిందేమో మధ్యమధ్యలో టార్చి వేసి చూసుకోండి.

ఇంతా చేస్తే చంద్రుడు ఎంత పెద్దగా వస్తాడు? లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని 109తో భాగించండి, సెన్సార్ మీద బొమ్మ సైజు వస్తుంది. 250కి సుమారు 2.3 మి.మీ., అంటే 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో దాదాపు 600 పిక్సెళ్లు. కత్తిరించి ఫోనులో చూపించుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది, గోడకు పోస్టరు వేయడానికి సరిపోదు. చార్మినార్ వెనక గుమ్మటమంత ఎర్ర చంద్రుడు ఉన్న ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి చూశారా, వాటిలో చాలావరకు రెండు బొమ్మలు అతికించినవే. నిజంగా అలా తీయాలంటే కిలోమీటర్ల దూరం వెళ్లి, పెద్ద లెన్స్‌తో, చంద్రుడు దిగువన ఉన్నప్పుడే తీయాలి. నాకైతే ఆ అతికింపులు నచ్చవు. ఎరుపులోని తేడాలు పట్టుకుంటే అంతకంటే బాగుంటుంది.

ఆ ఎరుపు ఎప్పుడూ ఒకేలా ఉండదు. భూమి చుట్టూ ఉన్న గాలిపొరలోంచి వంగి వచ్చిన సూర్యకాంతే చంద్రుడి మీద పడుతుంది, మన దాకా వచ్చే సాయంసంధ్య ఎరుపే అది. గాలిలో దుమ్ము, బూడిద ఎక్కువుంటే చంద్రుడు నల్లబడతాడు. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలాక 1992 డిసెంబర్ గ్రహణంలో చంద్రుడు చాలా నల్లగా కనిపించాడు. ఆండ్రే డాంజన్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త దీనికి సున్నా నుంచి నాలుగు దాకా ఒక కొలత పెట్టాడు. సున్నా అంటే దాదాపు కనపడనంత నలుపు, నాలుగు అంటే రాగి రంగు మెరుపు. దీనికి పరికరమేమీ అక్కర్లేదు, ఉత్త కంటితో చూసి రాసుకోవడమే. నీడ అంచున సన్నగా నీలం ఛాయ కూడా చూడండి, అది ఓజోన్ పొర పని. కంటికి కష్టంగా దొరుకుతుంది కానీ కెమెరాకు చిక్కుతుంది.

ఇప్పుడు సూర్యుడు. ఇక్కడ ఫిల్టరే సర్వస్వం, కెమెరా సంగతి తర్వాత. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, సీడీ, రెండు మూడు కూలింగ్ గ్లాసులు కలిపి పెట్టుకోవడం, ఇవేవీ పనికిరావు. వెలుగు తగ్గినట్టు కనిపించినా కంటికి కనపడని పరారుణ కిరణాలు లోపలికి వస్తూనే ఉంటాయి. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలినట్టు అప్పుడు తెలియదు, గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ పడ్డాక తెలుస్తుంది. కళ్లకు ఐఎస్‌ఓ 12312-2 అని ముద్ర ఉన్న గ్రహణం అద్దాలు వాడండి. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు గ్రహణాలప్పుడు చూపించే కార్యక్రమాలు పెడుతుంటారు, మీ ఊళ్లో ఉన్నారేమో కనుక్కోండి. లెన్స్‌కి బాడర్ ఆస్ట్రోసోలార్ లాంటి ఫిల్ము షీటు కొనుక్కోండి, 5.0 అని రాసి ఉన్నదే (అది వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే అంకె). 3.8 అని ఇంకోటి దొరుకుతుంది, అది ఫోటోలకే, దాంట్లోంచి కన్ను పెట్టి చూడకూడదు. అట్టతో లెన్స్ మూతిసైజు గొట్టం చేసి, రెండు అట్ట చట్రాల మధ్య షీటు పెట్టి అతికించండి. బిగదీయక్కర్లేదు, ముడతలుంటే నష్టం లేదు. టార్చి వెలుగులో పెట్టి సూదిబెజ్జాలున్నాయేమో చూడండి. గాలికి ఎగరకుండా టేపు వేయడం మర్చిపోవద్దు. ఫిల్టర్ ఎప్పుడూ లెన్స్ ముందే ఉండాలి. గ్రహణం అద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూద్దామని ఎవరైనా అంటే చెయ్యి పట్టుకుని ఆపండి. బైనాక్యులర్ పోగుచేసిన వేడి ఆ అద్దాన్ని కాల్చేసి కంట్లోకి పోతుంది.

ఈ ఫిల్ము పెట్టాక సెట్టింగు ఎంతో తెలుసా? ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 1/400. పౌర్ణమి చంద్రుడికి చెప్పిందే! లక్షో వంతు కాంతినే వదిలే ఫిల్ము సూర్యుడిని దాదాపు ఆ స్థాయికి దించుతుంది. సగం పట్టినా, ముప్పావు పట్టినా ఇదే ఉంచండి. చుట్టూ ఎండ తగ్గిపోతుంటే చెయ్యి డయల్ మీదికి పోతుంది, పోనివ్వకండి. మిగిలిన నెలవంక చిన్నదైందే తప్ప దాని వెలుగు తగ్గలేదు. మార్చాల్సింది ఒక్క పల్చని మబ్బు అడ్డం వచ్చినప్పుడే. మబ్బు ఉంది కదా అని ఫిల్టర్ మాత్రం తీయకండి.

2019 డిసెంబర్ 26న వలయ గ్రహణం (చంద్రుడు సూర్యుడి నడిమి భాగాన్నే కప్పి, చుట్టూ అంచు ఉంగరంలా మిగిలేది) చూడ్డానికి కేరళలోని కాసరగోడ్ జిల్లా చెరువత్తూరు వెళ్లాను. పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో మూడు నిమిషాల పాటు ఉంగరం. సూర్యుడు మచ్చలు లేని దశలో ఉన్న ఏడాది కావడంతో ఫోకస్‌కి పట్టుకోవడానికి ఏమీ లేక అంచు మీదే చేసుకోవాల్సి వచ్చింది. మీరు తీసేరోజు మచ్చ ఉంటే దాని మీదే చేయండి, సులువు. లెన్స్‌లోకి సూర్యుడు దొరక్కపోతే పైకి చూస్తూ వెతక్కండి. నేల మీద లెన్స్ నీడ చూడండి, నీడ బాగా కుదించుకుపోయిందంటే గురి కుదిరినట్టే. అక్కడ నన్ను ఎక్కువ పట్టేసింది ఆకాశం కాదు, ఎండ రంగు. వెలుగు తగ్గింది కానీ సాయంత్రంలా పసుపు తిరగలేదు, మధ్యాహ్నం ఎండనే ఎవరో పల్చన చేసినట్టుంది. నీడల అంచులు మాత్రం బ్లేడుతో కోసినట్టు వచ్చాయి. చెట్టు కింద ఇసుక మీద ఆకుల సందుల్లోంచి పడ్డ ఒక్కో వెలుగు చుక్కా ఒక్కో ఉంగరమే. ఆ ఫోటో ఫోనుతో తీసిందే.

ఫోను సంగతి అదే. సూర్యుడి వైపు తిప్పి చుక్కంత బొమ్మ తెచ్చుకునే కంటే నేల మీదికి తిప్పండి. జల్లెడ ఎండలో పట్టుకుంటే వందల నెలవంకలు. చంద్రుడికైతే బైనాక్యులర్‌ని ఏదైనా స్టాండుకి కట్టి ఐపీస్ దగ్గర ఫోను ఆనించండి. తెర మీద చంద్రుడిని వేలితో నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి వెలుగు తగ్గించండి. కొన్ని ఫోన్లు చందమామను గుర్తుపట్టి తామే వివరాలు గీసేస్తాయి, ఆ ఆటోమేటిక్ మోడ్ ఆపేసి ప్రో మోడ్‌లో తీయండి.

మన గడ్డ మీద ఈ పని కొత్త కాదండోయ్. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుడి అంచు జ్వాలల వర్ణపటం చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది. అదే గుంటూరులో బ్రిటిష్ సైనికాధికారి టెన్నంట్ బృందం గాజు పలకల మీద ఫోటోలు తీసింది. మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళవేత్త పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగానే సంపూర్ణ గ్రహణం పోయింది. నేను సంపూర్ణ సూర్యగ్రహణం ఇంకా చూడలేదు కాబట్టి దాని ఫోటోల గురించి సలహా ఇవ్వను.

ఇంట్లో పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి, గ్రహణాన్నే ఇంట్లోకి తెచ్చేయండి. చిన్న అద్దం మీద కాగితం అంటించి అందులో చిటికెన వేలి గోరంత రంధ్రం వదలండి. ఎండ పడేచోట పెట్టి వెలుగును కిటికీలోంచి లోపలి గోడ మీదికి కొట్టండి. అద్దానికీ గోడకూ పది మీటర్లుంటే తొమ్మిది సెంటీమీటర్ల సూర్యుడు గోడ మీద పడతాడు, కొరికిన ముక్కతో సహా. మా అమ్మమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసేసి, కుర్చీలో కూర్చుని చివరిదాకా చూసింది. అద్దంలోకి మాత్రం ఎవరూ నేరుగా చూడకుండా కాపలా ఉండండి. రోకలి నిలబెట్టే ముచ్చట ఉంటే అదీ కానివ్వండి, మర్నాడు కూడా నిలబెట్టి చూపించండి. గర్భిణుల గురించి అడుగుతారు. చంద్రగ్రహణంలో వచ్చేది మామూలు వెన్నెలే, ఏమీ కాదు. సూర్యగ్రహణానికి అందరికీ ఉన్న కంటి జాగ్రత్తే వాళ్లకూ.

ముందున్నవాటిలో 2027 ఆగస్టు 2 సంపూర్ణ సూర్యగ్రహణం ఈజిప్టు, సౌదీల మీదుగా పోతుంది. జెడ్డాలో ఉన్న మనవాళ్లకు మేడ మీదే సుమారు ఆరు నిమిషాల చీకటి. ఇక్కడ సాయంత్రం పూట చిన్న కొరుకుడే, అదీ వానాకాలంలో. మీకు నేను చెప్పేది 2028 డిసెంబర్ 31 రాత్రి చంద్రగ్రహణం. దాదాపు 9:46 నుంచి 10:57 దాకా సంపూర్ణం, సెలవుకు వచ్చిన పిల్లలు ఎలాగూ మేల్కొనే ఉంటారు. చలికాలం పౌర్ణమి కాబట్టి చంద్రుడు ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాడు, చవక ట్రైపాడ్ తల అంత పైకి తిరగకపోవచ్చు. ముందే ఒక పౌర్ణమికి తిప్పి చూసుకోండి. తిరక్కపోతే ముందు కాళ్లు పొడుగు చేసి, వెనక కాలు కురచ చేసి, పడకుండా సంచిలో ఇటుక వేసి వేలాడదీయండి.