పోస్టల్ ఓటు కవరు ముట్టుకోకు

చి. కిరణ్‌కు ఆశీస్సులు.

ఈసారి బర్మింగ్‌హామ్ కౌన్సిల్ ఎన్నికల్లో మీ వార్డు అభ్యర్థి తరఫున ఇంటింటికీ తిరుగుతానన్నావు, సంతోషం. ఇండియన్ పాస్‌పోర్టున్నా కామన్‌వెల్త్ పౌరుడిగా నీకిక్కడ బ్రిటన్‌లో ఓటుంది. తలుపు తట్టు, కరపత్రం ఇవ్వు, ఓపికుంటే వాదించు. పోస్టల్ ఓటు కవరు (ఇంటికి పోస్టులో వచ్చే బ్యాలెట్, నింపి తిరిగి పంపేది) మాత్రం ముట్టుకోకు.

మనవాళ్లింటికి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. కూర్చోబెట్టి టీ ఇస్తారు. టీవీ పక్కన నాలుగు కవర్లు విప్పకుండా పడుంటాయి. "బాబూ, ఇవి మాకర్థం కావు, నువ్వే నింపి పోస్టులో పడేద్దూ" అంటుంది ఇంటావిడ. కాదంటే మొహమాటం. కానీ 2022 ఎన్నికల చట్టం వచ్చాక, ప్రచారం చేసేవాళ్లు వేరేవాళ్ల పోస్టల్ ఓట్లు చేత్తో పట్టుకోవడమే నేరం. దగ్గరి కుటుంబ సభ్యులవీ, నువ్వు రోజూ బాగోగులు చూసేవాళ్లవీ అయితేనే మినహాయింపు. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇంత కఠినం ఎందుకంటే, మీ ఊరి పుణ్యమే! కారణం చెప్పకపోయినా పోస్టల్ ఓటు ఇచ్చే పద్ధతి 2000 చట్టంతో వచ్చింది. 2004 కౌన్సిల్ ఎన్నికల్లో అర్ధరాత్రి పోలీసులు ఒక గోడౌన్‌లోకి వెళ్తే పార్టీ మనుషులు పోస్టల్ ఓట్లు ముందేసుకుని కనిపించారు. 2005లో రిచర్డ్ మావ్రీ అనే న్యాయమూర్తి మోసం జరిగిందని తేల్చి ఆస్టన్, బోర్డెస్లీ గ్రీన్ వార్డుల ఫలితాలు కొట్టేశారు. సంతకం, పుట్టినతేదీ దరఖాస్తుతో సరిపోల్చడం ఆ తర్వాతే మొదలైంది.

అభ్యర్థికి తెలియకుండా చేస్తే ఆయనకేం కాదులే అనుకోకు. ఇక్కడి ఎన్నికల చట్టంలో ఏజెంటంటే కాగితం మీద పేరున్నవాడొక్కడే కాదు. అభ్యర్థి ఒప్పుకోలుతో ప్రచారం చేసే వాలంటీరు కూడా ఆ లెక్కలోకి రావచ్చు. నీ పనికి ఆయన పదవి పోవచ్చు. లండన్ టవర్ హామ్లెట్స్‌లో 2014 మేయర్ ఎన్నిక ఆ మరుసటేడు రద్దయినప్పుడు, గెలిచిన లుత్‌ఫుర్ రెహమాన్‌ను సొంత చేతలకీ, ఏజెంట్ల చేతలకీ కలిపి బాధ్యుణ్ని చేశారు. (అయిదేళ్ల నిషేధం గడిచాక 2022లో ఆయనే మళ్లీ గెలిచాడనుకో, అది వేరే కథ.)

నాకు పార్టీలవాళ్లకన్నా ఇంటి పెద్దలంటేనే ఎక్కువ టెన్షన్. మన ఇండియాలో 85 దాటినవాళ్లు ఇంట్లో ఓటేస్తే అధికారులే వస్తారు, వీడియో తీస్తారు. ఇక్కడ ఎవరూ రారు. డైనింగ్ టేబుల్ మీద మామగారు కోడలి బ్యాలెట్ కూడా తనే టిక్కు పెట్టేస్తే చూసేవాడు లేడు. అలాంటి చోట నువ్వుంటే, "ఎవరి ఓటు వాళ్లే వేయాలండీ, పక్కన నిలబడి చూడ్డం కూడా తప్పే" అని మర్యాదగా చెప్పి లేచి వచ్చెయ్.

సాయమంటే నోటి మాటతోనే. పుట్టినతేదీ దగ్గర మన పెద్దలు తడబడతారు: స్కూల్లో రాయించింది ఒకటి, అసలుది ఒకటి. పోస్టల్ ఓటు దరఖాస్తులో ఏది రాశారో అదే రాయమను. సంతకం కూడా అంతే. అప్పుడు తెలుగులో పెట్టి ఇప్పుడు ఇంగ్లీషులో గీకితే ఓటు చెల్లదు. చెయ్యి వణుకుతుంటే సంతకం మినహాయింపు అడగొచ్చు, కౌన్సిల్ ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేయమను. పోస్టుకి ఆలస్యమైతే ఆ ఇంటివాళ్లే పోలింగ్ కేంద్రంలో ఇవ్వొచ్చు. తనది కాక మరో అయిదుగురివి మించకూడదు, అక్కడ ఫారం నింపాలి. కౌన్సిల్ ఆఫీసు లెటర్‌బాక్సులో పడేస్తే లెక్కపెట్టరు.

శనివారం ప్రచారానికి బయల్దేరే ముందు మీ అభ్యర్థి ఏజెంటుని ఎలక్టోరల్ కమిషన్ (ఇక్కడి ఎన్నికల సంఘం) ప్రవర్తనా నియమావళి కాపీ అడుగు. "అవన్నీ ఎందుకులే తమ్ముడూ" అన్నాడంటే ఆ బ్యాచ్‌తో తిరగకు, ఇంటికొచ్చెయ్.

ఇట్లు
మీ బాబాయి