వనభోజనాల చెత్త గురించి కొత్త కార్యదర్శికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, ఈసారి కార్తీక వనభోజనాలలో తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేసి, పనికివచ్చేదంతా రీసైక్లింగ్‌కు పంపాలని మన వాకర్స్ క్లబ్ తీర్మానించిందనీ, ఆ బాధ్యత నీకు అప్పగించిందనీ తెలిసి చాలా సంతోషించాను. ఎలా మొదలుపెట్టాలని అడిగావు. చాలామంది రంగురంగుల డబ్బాలు కొనడంతో మొదలుపెడతారు. నువ్వు మాత్రం ముందుగా పాత సామాన్ల కొట్టుకు వెళ్ళు. మన దగ్గర మిగిలేవాటిలో కొట్టువాడు ఏవి కొంటాడో, ఏ స్థితిలో ఉంటే కొంటాడో, ఆదివారం సాయంత్రం బండి పంపగలడో లేదో కనుక్కో. తీసుకునేవాడు లేని వస్తువును మనం ఎంత శ్రద్ధగా వేరుచేసినా అది చివరికి డంపింగ్ యార్డుకే చేరుతుంది. అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, నీళ్ళ సీసాలు అతను తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్లను మాత్రం ముట్టుకోడు. వాటిలోని పొరలు విడదీయరానంతగా అతుక్కుని ఉంటాయి కాబట్టి, ఎవరైనా పోగుచేసి పంపినా ఎక్కువగా సిమెంటు కర్మాగారాల బట్టీలలో కాల్చడానికే అవి ఉపయోగపడతాయి. అందుచేత పిల్లలకు ప్యాకెట్లు పంచే బదులు జంతికలు, చెగోడీలు డబ్బాలలో తెప్పించి పళ్ళాలలో పెట్టించు.

విస్తళ్ళ సంగతి వంటవాళ్ళకు వదిలేయకుండా నువ్వే స్వయంగా చూసుకో. ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం కాబట్టి వాళ్ళు కాగితపు గ్లాసులు తెస్తామంటారు. కానీ వాటి లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది కనుక అవి ఎరువుకూ పనికిరావు, మామూలు కాగితంతో కలపడానికీ వీలుపడదు. మన్యం నుంచి విశాఖకు వచ్చే అడ్డాకు విస్తళ్ళు అన్నిటికంటే మేలు. అయితే కొనేముందు ఒకదాన్ని తిరగేసి, అంచు దగ్గర గోటితో లాగి చూడు. పుల్లలతో కుట్టినదైతే ఆకే చినుగుతుంది. మిషను మీద అదిమిన వాటిలో కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ పొర వేస్తారు. అది మెరుస్తూ విడిగా ఊడివస్తుంది. అలాంటి విస్తరిని ఎరువు గుంతలో వేస్తే ఆకు కుళ్ళిపోయినా ఆ పొర మట్టిలోనే ఉండిపోతుంది.

నీళ్ళకు ఇరవై లీటర్ల టిన్నులు, టెంట్ హౌస్ నుంచి స్టీలు గ్లాసులు చాలు. గ్లాసులు కడిగే మనిషికి ఇచ్చే కూలి, సీసాలకు పెట్టే ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు.

వంద మందికి మించి జనం చేరే కార్యక్రమమైతే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలనీ, చెత్తను అక్కడే వేరుచేసి ఇవ్వాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే చెప్పాయి. మనం ఎంచుకున్న తోట నగరపాలక సంస్థ పరిధికి వెలుపల ఉన్నా సరే, ఆ ఊరి పంచాయతీ కార్యదర్శికి ఒక మాట చెప్పి రావడం మర్యాద.

ఇక భోజనాల వేళ. అసలు కష్టమంతా చేతులు కడుక్కునే చోటే వస్తుంది. తినడం పూర్తికాగానే మనవాళ్ళు పెరుగు కప్పు, టిష్యూ కాగితం, కిళ్ళీ చుట్టిన కవరు అన్నీ విస్తట్లోనే వేసి, దాన్ని మడిచి, శుభ్రంగా తీశామనుకుంటారు. ఆ మడత విప్పి ఏరడానికి తర్వాత ఎవరికీ చేతులు రావు. అందుకే బంతి లేవకముందే ఒకరు వరుస వెంట పళ్ళెం పట్టుకుని నడిచి, విస్తట్లో ఆకు, అన్నం తప్ప మిగిలినవన్నీ అందులో వేయించుకోవాలి. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా పక్కపక్కనే పెట్టి, వాటి దగ్గర నిలబడటానికి పిల్లలనే కాక, సభ్యులు మాట వినే పెద్దవారిని కూడా ఒకరిని ఒప్పించు. డబ్బాల మీద రాతల కంటే ఒక ఖాళీ సీసా, ఒక ఎండిన విస్తరి కట్టి వేలాడదీస్తే ఎవరికైనా చూడగానే అర్థమవుతుంది. అట్టపెట్టెలను మాత్రం నీళ్ళకు, సాంబారు గిన్నెలకు దూరంగా పెట్టించు; తడిస్తే కొట్టువాడు వద్దంటాడు. ఉసిరి చెట్టు కింద పూజకు వాడిన పూలను ఎరువుకు ఉంచి, అగరుబత్తి, కర్పూరం కవర్లు ముందే ఏరించు.

మిగిలిన అన్నం తినదగినదైతే వేడి తగ్గకముందే పంచిపెట్టే ఏర్పాటు చెయ్యి. పశువులకు కుప్పలుగా పోయనివ్వకు. ఒక్కసారిగా ఎక్కువ అన్నం తిన్న ఆవుకు కడుపులో పులుపు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. పుణ్యమనుకుని చేసే ఈ పనిని నువ్వు గట్టిగానే ఆపాలి. ఎంగిలి విస్తళ్ళను తోట యజమాని అనుమతితో గుంతలో వేసి, పొరపొరకీ ఎండుటాకులు, మట్టి కప్పిస్తే వాసన రాదు.

చెత్త ఏరే కార్మికులకు చేతి తొడుగులు ముందే కొని ఉంచు, వారికి భోజనం మనతోపాటే బంతిలో పెట్టించు. పాత సామాన్ల మీద వచ్చే సొమ్ము క్లబ్ ఖాతాలో వేయకుండా వారికే పంచాలని నా అభిప్రాయం. కార్యవర్గంలో ఎవరైనా కాదంటే నా పేరు చెప్పు. బండి మాత్రం అదే సాయంత్రం రావాలి. రాత్రంతా తోటలో ఉంచిన మూటలను కుక్కలు చింపేస్తే మీరు వేరుచేసినదంతా మళ్ళీ కలిసిపోతుంది.

ఆశీస్సులతో,
మీ మాజీ అధ్యక్షుడు