ఆ ‘పచ్చి’ అన్న మాట తీసేసి మళ్లీ విను

చిరంజీవి తమ్ముడికి,

నీ సమీక్ష రెండుసార్లు చదివాను. అమెరికా బ్లూస్ గిటారిస్టు, గాయకుడు జూనియర్ కింబ్రో ఆల్బమ్ ‘ఆల్ నైట్ లాంగ్’ గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే ముందు సంతోషం. కానీ రెండు పేజీల్లో ‘పచ్చి సంగీతం’ అన్న మాట ఐదుసార్లు వచ్చింది. ఆ ఐదు చోట్లా నీ చెవికి ఏం వినిపించిందో మాత్రం చెప్పలేదు. పచ్చి అంటే చదివేవాడికి ఇంకా ఉడకనిది అనే అర్థమవుతుంది. ఈ ఆల్బమ్ 1992లో వచ్చేనాటికి ఆయనకు అరవై ఏళ్లు దాటాయి. డ్రమ్స్ మీద కొడుకు కెన్నీ, బేస్ గిటార్ మీద తోటి గిటారిస్టు ఆర్. ఎల్. బర్న్‌సైడ్ కొడుకు గ్యారీ. అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లల చేతుల్లోని దరువును ఉడకనిదని ఎలా అంటావు?

‘పాట ఒకే చోట తిరుగుతుంది’ అని విసుక్కున్నావు. నిజమే, తిరుగుతుంది. మామూలు పన్నెండు బార్ల (ఆవర్తాల) బ్లూస్‌లో లెక్క ప్రకారం కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుచ్ఛాలు, మారతాయి. ఉత్తర మిసిసిపి కొండసీమ బ్లూస్‌లో ఒక్క కార్డు మీదే చాలాసేపు నిలబడతారు. బొటనవేలు మంద్ర తీగలను శ్రుతిలా మోగిస్తూ ఉంటే, పై తీగల మీద పాట కొంచెం కొంచెంగా మెలి తిరుగుతుంది. ఎందుకంటే అది కూర్చుని వినడానికి పుట్టింది కాదు. మిసిసిపిలోని చులహోమాలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడంలో కింబ్రో నడిపిన జూక్ జాయింట్‌లో, అంటే పాటా ఆటా సాగే పల్లె సారాకొట్టులో, జనం తాగి చిందేసేవారు. రికార్డు చేసింది కూడా అక్కడే. ఆడే కాళ్లకు ఆపడానికి వంక దొరకకూడదు, అందుకే ఆ పాట మలుపు తీసుకోదు. ఈసారి బేస్ మీదే చెవి పెట్టి ఒక పాట విను. మళ్లీ అదే పాటను బొటనవేలి కోసం విను. అప్పుడు రాయి.

ఆ బొటనవేలి మోతను తంబురాతో పోల్చావు. శ్రుతి అంటే మన పాఠకుడికి చప్పున తెలుస్తుంది, ఉంచు. రెండింటికీ చుట్టరికం ఉందన్న వాక్యం మాత్రం కొట్టెయ్.

ఆ ఆల్బమ్‌లోని ‘డన్ గాట్ ఓల్డ్’ పాటను ఒక్క వాక్యంతో దాటేశావు, అక్కడ నాకు బాధేసింది. ముసలివాణ్నైపోయాను, మునుపు చేసినవేవీ ఇప్పుడు చేతకావడం లేదు అంటాడాయన. అందులో జాలి కోసం చెయ్యి చాచడం ఉండదు. బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై 2001లో తన ‘స్వీట్ టీ’ ఆల్బమ్‌ను ఈ పాటతోనే మొదలుపెట్టారు. రెండూ పక్కపక్కన విను. నీ సమీక్షకు గుండెకాయ అక్కడుంది. కనీసం ఒక పేజీ ఇవ్వు.

ఇంకొక్క దిద్దుబాటు. ఆ జూక్ జాయింట్ గురించి అంతటా ‘ఉంది’ అని రాశావు. కింబ్రో 1998 జనవరిలో పోయారు. ఆ కట్టడం 2000లో కాలిపోయింది. ఆ ‘ఉంది’లన్నీ ‘ఉండేది’ చేసి పంపు. నేను ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య