నల్లజాతివాళ్లు హెచ్ఐవీ ట్రయల్స్‌కి ‘రారు’ అన్నది ఎంతవరకు నిజం?

మీరు అలబామాలో నర్సింగ్ చదువుతున్నానన్నారు. “అమెరికాలో హెచ్ఐవీ ఎక్కువగా వస్తున్నది నల్లజాతివాళ్లకే, అయినా మందుల ట్రయల్స్‌కి పిలిస్తే వాళ్లే రారు, టస్కెగీ భయం” అని క్లాసులో చెప్పారట. అది నిజమేనా అని అడిగారు.

జార్జియాలో ఒక క్లినిక్‌లో ఆరేళ్లు ట్రయల్ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. నా అనుభవంలో అది సగం కూడా నిజం కాదు. వాళ్లు ట్రయల్స్‌లో తక్కువగా ఉండటంలో నా తప్పు కూడా కొంత ఉంది.

టస్కెగీ ప్రయోగం మీ రాష్ట్రంలోనే, మేకన్ కౌంటీలో జరిగింది. ప్రభుత్వ ఆరోగ్యశాఖ 1932 నుంచి 1972 దాకా 399 మంది నల్లజాతి మగవాళ్లలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. ‘చెడు రక్తానికి’ వైద్యం చేస్తున్నామని వాళ్లతో చెప్పింది. 1940ల్లోనే దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చినా ఇవ్వలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పేసరికి బతికున్నవాళ్లు కొద్దిమందే. ఇది విన్నవాళ్లు భయపడకపోతేనే ఆశ్చర్యం. మన దగ్గరే చూడండి, 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. ఆ ఊళ్లలో ఇంకోసారి ఎవరైనా సూది పట్టుకుని వస్తే ఏమంటారు?

కానీ ఆరేళ్లలో మా క్లినిక్‌లో టస్కెగీ పేరెత్తినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను ఎక్కువగా విన్నది వేరే: “పొద్దున ఏడింటికా? మరి నా షిఫ్టు?”

ఒకావిడ గురించి చెప్తాను. నలభై దాటిన నల్లజాతి మహిళ, గోడౌన్‌లో రాత్రి పని. కన్సెంట్ ఫారం ఇరవై పైచిలుకు పేజీలు ఇంటికి తీసుకెళ్లి, పెన్సిల్‌తో గీతలు గీసుకుని, నేను జవాబు చెప్పలేని ప్రశ్నలు రెండు తెచ్చింది. రెండు బస్సులు మారి, పరగడుపున వచ్చి రక్తం ఇచ్చింది. తనంతట తానే ఒప్పుకుంది. రిపోర్టులో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ట్రయల్ నియమాలు పెట్టిన హద్దుకు కాస్త తక్కువున్నాయి. వారం తర్వాత మళ్లీ తీస్తే మళ్లీ అంతే. స్క్రీన్ ఫెయిల్, అంటే చేరకముందు చేసే పరీక్షలోనే వెనక్కి పంపడం. ఫోన్ చేసి చెప్తే, “నాకు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, మా డాక్టరుకి తెలుసు” అంది. నిజమే. ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో ఆ లెక్క సహజంగానే తక్కువుంటుంది. డఫీ అనే రక్త లక్షణంలోని తేడా వల్ల అలా ఉంటుంది. అదే తేడా వైవాక్స్ మలేరియా నుంచి కాపాడుతుంది కూడా. అది జబ్బు కాదు. వేరేవాళ్ల రక్తాన్ని చూసి ‘నార్మల్’ అని రాసుకున్న హద్దే ఈవిడను బయటికి పంపింది. మా ఫైల్లో మాత్రం ‘అర్హత లేదు’ అని ఒక్క ముక్క.

ఇక నా వాటా. డాక్టరు “ఎవరిని అడుగుదాం?” అంటే నేను లిస్టు తీసేదాన్ని. అపాయింట్‌మెంట్లు తప్పనివాళ్లు, కారున్నవాళ్లు, ఫోన్ నంబరు మారనివాళ్లు. జాతి చూసి తీయలేదు, ఒట్టు. కానీ లిస్టు తయారయ్యాక చూస్తే మా వెయిటింగ్ హాల్లో కూర్చున్న జనానికీ ఆ పేర్లకీ పొంతన ఉండేది కాదు. మూడేళ్ల దాకా నేనది గమనించనే లేదు.

“పిలిచినా రారు” అన్నదానికి నా దగ్గరున్న గట్టి జవాబు హెచ్‌పీటీఎన్ 083 అనే ట్రయల్. రెండు నెలలకోసారి ఇచ్చే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్‌ను రోజూ వేసుకునే మాత్రతో పోల్చిన నివారణ (హెచ్ఐవీ సోకకుండా చూసే) ట్రయల్ అది, 2016లో మొదలైంది. అమెరికాలో చేరేవాళ్లలో కనీసం సగం మంది నల్లజాతివాళ్లు ఉండాలని ముందే రాసుకున్నారు. దాదాపు సగం చేరారు. అదే ఏడాది మొదలైన డిస్కవర్ అనే ఇంకో నివారణ ట్రయల్‌లో, యూరప్ సెంటర్లు కూడా కలుపుకుని, 5,387 మందిలో నల్లజాతివాళ్లు 9 శాతమే. అమెరికాలో కొత్తగా హెచ్ఐవీ బయటపడేవాళ్లలో పదికి దాదాపు నలుగురు నల్లజాతివాళ్లని గుర్తుపెట్టుకుని ఆ 9 చూడండి.

అయితే చేర్చుకుంటే అయిపోదు. దారునావిర్ అనే హెచ్ఐవీ మందు మీద గ్రేస్ అనే ట్రయల్ ఆడవాళ్ల కోసం పట్టుబట్టి 429 మందిలో 287 మంది మహిళలను చేర్చుకుంది. కానీ మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువమంది మధ్యలో మానేశారు. పిల్లలు, బస్సు, షిఫ్టు చేరిన రోజుతో తీరిపోయేవి కావు కదా.

తక్కువమంది చేరితే ఏమవుతుందంటారా? 2003లో వాక్స్‌జెన్ కంపెనీ హెచ్ఐవీ టీకా మొత్తం మీద పనిచేయలేదని తేలింది. నల్లజాతివాళ్లలో మాత్రం బాగా పనిచేసినట్టుందని కంపెనీ ప్రకటించింది. పేపర్లలో వచ్చేసింది, జనం ఆశపడ్డారు. తీరా చూస్తే ఆ గుంపులో ఉన్నది 314 మంది. వాళ్లలో హెచ్ఐవీ సోకింది టీకా వేసుకున్నవాళ్లలో నలుగురికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో తొమ్మిది మందికి. ఆ అంకెల మీద ఏం తేలుస్తారు? ఆ ఆశ నిలబడలేదు.

మీరు అసైన్‌మెంట్ రాస్తున్నట్టైతే ఏ పరిశోధన పేపర్లోనైనా ఎంతమంది చేరారన్నది ఒక్కటే చూడకండి. ఎంతమందిని అడిగారు, ఒప్పుకున్నవాళ్లలో ఎంతమందిని స్క్రీనింగ్‌లో వెనక్కి పంపారు, జాతుల వారీగా ఆ లెక్క ఉందా అని వెతకండి. మా క్లినిక్‌లో స్క్రీన్ ఫెయిల్స్‌కి రిజిస్టర్ ఉండేది. మేం అసలు అడగనివాళ్లకు ఏ రిజిస్టరూ లేదు.