నీళ్ళు తీయని బోరు

ప్రశ్న: మా అబ్బాయి మిషిగన్‌లో ఇల్లు కొన్నాడు. గ్యాస్ హీటర్ తీసేసి జియోథర్మల్ హీట్ పంప్ పెట్టించుకుంటున్నాడు. పెరట్లో 200 అడుగుల బోర్లు మూడు వేశారు, కానీ నీళ్ళు తోడరట! వీడియో కాల్‌లో చూస్తే చుట్టూ మోకాలి లోతు మంచు. అంత చల్లటి నేలలోంచి ఇంటికి వేడి ఎలా వస్తుంది? వాణ్ణెవరైనా మోసం చేస్తున్నారేమోనని టెన్షన్‌గా ఉంది.
– రిటైర్డ్ టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మోసమేమీ లేదు మాస్టారూ. నీళ్ళు పడని బోరుని మనం ఫెయిలైందంటాం కాబట్టి మీకా అనుమానం వచ్చింది. ఇదేం నిన్న మొన్నటి వింత కూడా కాదు, 1912లోనే హైన్రిక్ జోలీ అనే ఇంజనీరు స్విట్జర్లాండ్‌లో నేలలోంచి వేడి లాగే ఈ ఆలోచనకి పేటెంట్ తీసుకున్నాడు. జియోథర్మల్ అంటే భూమి వేడి కదా అని వేడినీటి బుగ్గలూ అగ్నిపర్వతాలూ ఊహించుకోకండి, వాటితో దీనికి పనిలేదు.

ధనుర్మాసంలో తెల్లవారుజామున మోటరేసి నీళ్ళు పట్టే ఉంటారు. బయట చలికి చేతులు ముడుచుకుంటుంటే బకెట్లో పడే బోరు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, అవే నీళ్ళు మే నెలలో హాయిగా చల్లగా తగులుతాయి (ట్యాంకులోకి ఎక్కనంతవరకే లెండి). నీళ్ళు మారలేదు, బయటి గాలి మారింది. ముప్పై అడుగుల లోతు దాటాక నేలకి ఎండాకాలం, చలికాలం తేడా పెద్దగా తెలియదు, ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకి దగ్గర్లోనే ఉండిపోతుంది. విజయవాడలో అది 28 డిగ్రీల చుట్టుపక్కల, మిషిగన్‌లో 10 చుట్టుపక్కల. పైన మైనస్ 15 ఉన్నా కింద మాత్రం ఆ పదే.

పది డిగ్రీలతో ఇల్లెలా వెచ్చబడుతుందంటారా? మీ ఫ్రిజ్ వెనకో పక్కనో చెయ్యి పెట్టి చూడండి. ఆ వేడి లోపలున్న పాలగిన్నెలోంచి, కూరగాయల్లోంచి లాగిందే, దానికి కంప్రెసర్ తిన్న కరెంటు కూడా కొంత కలిసింది. చల్లటి చోటు నుంచి వేడి లాగి వెచ్చటి చోట వదలడం ఫ్రిజ్ రోజూ చేసే పనే. మీ అబ్బాయికి ఫ్రిజ్ లోపలి భాగం పెరటి నేల, వెనక భాగం ఇల్లు.

బోరులోకి ప్లాస్టిక్ గొట్టం దింపి, అడుగున వంపు తిప్పి పైకి తెస్తారు. చుట్టూ ఉన్న ఖాళీని బెంటొనైట్ బంకమట్టితో పూడ్చేస్తారు. గొట్టంలో గడ్డకట్టకుండా మందు కలిపిన నీళ్ళుంటాయి, అవే కిందికీ పైకీ తిరుగుతుంటాయి తప్ప భూగర్భజలం చుక్క కూడా తోడరు. కిందికెళ్ళి వచ్చేసరికి ఆ నీళ్ళు వేడెక్కేది మహా అయితే ఐదు డిగ్రీలు. ఆ కాస్త చాలు, ఎందుకంటే మెషీన్‌లో ఉండే గ్యాస్, అదే ఏసీలో నింపే రకం, ఆ చలిలోనే మరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కుతుంది. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగున చుర్రుమంటుంది చూడండి, అలాగే ఇదీ వేడెక్కుతుంది. దాని మీదుగా ఫ్యాను గాలి తోలితే గదులు వెచ్చబడతాయి. ఎండాకాలంలో ఒక వాల్వు తిప్పితే మొత్తం తిరగబడి ఏసీ అయిపోతుంది.

మామూలు కరెంటు హీటర్ 1 యూనిట్ తిని 1 యూనిట్ వేడే ఇస్తుంది. ఇది 3, 4 యూనిట్లు ఇస్తుంది, ఆ పైది నేల పెట్టిన పెట్టుబడి.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మెషీన్ ఎన్ని టన్నులు? టన్నుకి 150 నుంచి 200 అడుగుల బోరు కావాలని అక్కడ వాడే ముతక లెక్క. మూడు టన్నులైతే మీరు చెప్పిన 600 అడుగులు సరిపోతాయి, ఐదు టన్నులంటే మాత్రం ఆ లెక్కేమిటో అబ్బాయిని కాగితం మీద చూపించమనండి. బోరు చాలకపోతే చలికాలం ముదిరేకొద్దీ నేల చల్లబడిపోతుంది, అప్పుడు మెషీన్‌కి తోడుగా పెట్టే మామూలు కరెంటు హీటర్ కాయిల్ ఆన్ అయి బిల్లు వాచిపోతుంది. ఇంకోటి, మీరు వెళ్ళినప్పుడు గాలి గ్యాస్ హీటర్ అంత వేడిగా రావడం లేదని థర్మోస్టాట్ పెంచకండి, ఇది మెల్లగా ఎక్కువసేపు నడిచే రకం.

ప్రశ్న: ఇండిపెండెంట్ ఇల్లు కడుతున్నాం. ఏసీ బదులు ఇదే పెట్టిస్తే బిల్లు సగమవుతుందని ఒకాయన కొటేషన్ ఇచ్చాడు. ఉన్న నీళ్ళ బోరులోనే గొట్టం దింపుతాడట. పెట్టించమంటారా?
– గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నేనైతే పెట్టించనమ్మా. మే నెలలో 45 డిగ్రీల గాలిలోకి వేడి తోయడం కంటే 28 డిగ్రీల నేలలోకి తోయడం సులువే, అందులో ఆయన అబద్ధమాడలేదు. కానీ మిషిగన్‌లో చలికాలమంతా నేలలోంచి వేడి లాగుతారు, ఎండాకాలంలో తిరిగి లోపలికి పంపుతారు. మనకి లాగే కాలమేదీ? ఏడాదంతా తోయడమే. బోరు చుట్టూ నేల ఏటేటా వేడెక్కి, ఉన్న లాభం కరిగిపోతుంది. ఆ కొటేషన్ డబ్బులో కొంత పెట్టి డాబాకి తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, పడమటి గోడకి నీడ పడేలా చూసుకోండి, ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ కొని బయటి యూనిట్‌ని గాలాడే నీడలో పెట్టించండి.

నీళ్ళ బోరు సంగతి: గొట్టం దింపి చుట్టూ పూడిస్తే ఇక మీకు నీళ్ళు రావు, పూడ్చకపోతే మోటరు పైపు పక్కనే వేడినీళ్ళ గొట్టం ఉంటుంది. పైగా ఒక్క బోరు ఇల్లంతటికీ చాలదు. ఆయన్ని ఆ బోరు జోలికి రానివ్వకండి.